ఒక గడికి ఒక గవ్వ

అబిగయీలు అక్కది బతిమాలే గొంతు కాదు. ఇరవై ఏళ్లు ఒకరి పడవల దగ్గర కూలికి చేపలు కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టిన మనిషి. ఈ ఏడు మొదటిసారి సొంతంగా నెత్తళ్లనే చిన్న చేపలు కొని, ఎండబెట్టి, సూళ్లూరుపేటలో అమ్ముకుంటానంది. అందుకు కావలసిందల్లా మేం చేపలు ఎండేసుకునే మా సంఘం సిమెంటు గచ్చు మీద కాస్త చోటు. ఇసుకలో ఆరేసిన, పంటి కింద కరకరమనే నెత్తళ్లను ఏ వ్యాపారీ ముట్టడు. గచ్చు మీద చోటు దొరక్కపోతే మళ్లీ కూలికే పోవాలి.

గచ్చంతా గళ్లు గీసి ఉంటుంది, మొత్తం రెండు వందల నలభై. ఎవరి టార్పాలిన్ పట్ట ఎన్ని గళ్లదో సంఘం పుస్తకంలో రాసి ఉంటుంది. సంఘం పెద్ద కామాక్షయ్య గారు ఆ అంకెలన్నీ కూడి చూపించారు.

"రెండొందల నలభై. నిండిపోయినాది, మే అబిగయీలూ. పైయేడు చూద్దాం."

"పుస్తకం నిండినాదేమో అయ్యా, గచ్చు నిండలా."

"లెక్కలు నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆ మాటకు నాకే సిగ్గేసింది. అసలు సంగతి మా ఆడవాళ్లందరికీ తెలుసు. సముద్రపు గాలికి పట్టలు లేవకుండా ఒకరి అంచు మీద ఒకరం పరుచుకుంటాం. నా పట్ట పక్కావిడ పట్ట మీద నాలుగు గళ్లు ఎక్కి ఉంది. ఆ నాలుగూ పుస్తకంలో ఆమె పేరునా ఉన్నాయి, నా పేరునా ఉన్నాయి. తెలిసీ నోరు మెదపలేదు. చోటు ఎక్కువైతే ఎవరికి చేదు?

మర్నాడు పొద్దున మేం పట్టలు పరిచి, చేపలింకా పొయ్యకముందే అబిగయీలు అక్క బుట్టెడు గవ్వలతో వచ్చింది. కామాక్షయ్య గారి చేతే లెక్కపెట్టించింది. సరిగ్గా రెండు వందల నలభై.

"పట్ట కప్పిన గడికల్లా ఒక గవ్వ పెడతా. ఎన్ని పట్టలు ఎక్కినా గడి ఒకటే, గవ్వా ఒకటే. మీ పుస్తకం నిజమైతే బుట్ట ఖాళీ కావాల."

అంచుల దగ్గర కనబడే గీతల్ని చూసుకుంటూ, వంచిన నడుము ఎత్తకుండా పెట్టుకుంటూ పోయింది. నా దగ్గరికొచ్చి పట్ట అంచు ఎత్తి చూసింది. "ఈడ రెండు పట్టలుండాయి పాపా," అని గడికి ఒక్కో గవ్వే పెట్టింది. నేను తలెత్తలేకపోయాను.

చివరికి బుట్టలో ఇరవై ఏడు గవ్వలు మిగిలాయి. వాటిని తెచ్చి కామాక్షయ్య గారి ముందు పెట్టింది.

ఆయన మాత్రం తక్కువవాడా! "ఖాళీలుండాయి, సరే. ఒకచోట యాడుండాయి? ఈడొకటి, ఆడ రెండు. నీ పట్ట నాలుగు గళ్ల పొడుగు, మూడు గళ్ల వెడల్పు. యాడ పరస్తావు?"

మేమంతా చల్లబడ్డాం. ఆమె చల్లబడలేదు. మడతైనా విప్పని కొత్త పట్ట తెచ్చి, చేపల కత్తితో గడి కొలతకు కోసేసింది. మా ప్రాణం ఉసూరుమంది. పన్నెండు ముక్కలు చేసి, ఖాళీగా ఉన్న గడికొకటి చొప్పున పరుస్తూ, మూలలకు రాళ్లు పెడుతూ వచ్చింది.

"నా నెత్తళ్లకు పక్కపక్కనే ఎండాలని పట్టింపు లేదయ్యా!"

పదకొండు పరిచాక, ఆఖరి ముక్క పట్టుకుని, గచ్చు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కామాక్షయ్య గారి ముందు నిలబడింది. ఖాళీ గళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. వాటి వైపు చూడనైనా లేదు.

"లెయ్యండయ్యా. మీ కుర్చీ కింద ఒక గడుండాది."

కామాక్షయ్య గారు లేచి, కుర్చీ తనే పక్కకు తీసుకున్నారు.