ఒక్కటి చాలన్నారు కదా అని

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అంబత్తూరులో ఒక కంపెనీ ప్లానింగ్ సెక్షన్‌లో చేరి ఆరు నెలలైంది. ఏ మెషీనుకు ఎన్ని బోల్టులు కావాలో చెప్పేవాడికి, ఏ చుట్టానికి ఎన్ని బొబ్బట్లు కావాలో చెప్పడం ఒక లెక్కా అనుకున్నాను. (పొట్టకూ మెషీనుకూ తేడా తెలియని వయసు.) ఏటా ఉగాది మధ్యాహ్నం పురసవాక్కంలోని మా ఇంటికి బంధువులందరూ భోజనానికి వచ్చేవాళ్లు. వంటంతా అవ్వది. శనగపప్పు చేతికి వచ్చినంత పోసేది, ప్రతిసారీ బోలెడు మిగిలేది. ఆ వృథాను అరికట్టే భారం నెత్తినేసుకుని, ఆ ఏడు వాట్సాప్ గ్రూపులో అందరినీ అడిగేశాను, ఎవరెవరు ఎన్ని బొబ్బట్లు తింటారని.

జవాబులు చూసి మురిసిపోయాను. "ఒకటి చాలు నాయనా" అంది రాయపురం పెద్దత్త. "షుగరు కదప్పా, నాకు సగం" అన్నాడు మామ. ఇరవై రెండు మందికి ముప్పై తేలాయి. అవ్వకు చెబితే, "వాళ్లు అట్నే అంటారు రా. మనం ఇంకోటి ఎయ్యాల, వాళ్లు వద్దనాల, మళ్లా ఎయ్యాల. అదే గదా మర్యాద" అంది. "చుమ్మా, ఊరికే ఉండవ్వా, వాళ్లే రాసిచ్చినారు" అన్నాను. మనవడు ఉద్యోగస్తుడయ్యాడన్న గౌరవంతో అవ్వ ఊరుకుంది. ఊరుకోకుండా నాకు రెండు తగిలించి ఉండాల్సింది.

మొదటి పంక్తిలోనే షుగరు మామ నాలుగు లాగించాడు. పెద్దత్త ఆకుకు చెయ్యి అడ్డం పెడుతూనే మూడోది వేయించుకుంది. రెండో పంక్తి సగానికి రాగానే పళ్లెం ఖాళీ. మా చిన్నత్త తనకు పడిన ఒక్కటీ తిని, అలవాటు కొద్దీ "చాలు చాలు" అంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. వేసేవాళ్లు లేరు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, మెల్లగా వెనక్కి పోయింది. అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి, "మంచి బెల్లం దొరకలేదమ్మా, అందుకే తక్కువ చేసినా" అంది. నా పేరెత్తలేదు. తప్పు నాదని నేనైనా చెప్పి ఉండవచ్చు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. పండగ లెక్క నాదే. పది మంది వస్తారంటే అరవై బొబ్బట్లు చేయిస్తాను. నాలుగు రోజులు అవే తినలేక మా ఆవిడ తిడుతుంది. ఆ ప్లానింగ్ సెక్షన్ మేధావిని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. కానీ ఆ బొబ్బట్లు చాలని ఉగాదికి మరుసటి ఏడు, పండగ పొద్దున అవ్వ శనగపప్పు డబ్బా పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "ఎంత పొయ్యాల రా?" అని అడిగింది. అరవై ఏళ్లు ఎవరినీ అడగకుండా వండిన మనిషి.