సిరిసిల్ల షెడ్డులో చీరల పరదా

ఈ ప్రయాణం కళాభిమానంతో మొదలు కాలేదు. పదేళ్ళ క్రితం నా కథల పుస్తకం ఆవిష్కరణలో ఒక శిల్పి మైకు పట్టుకుని, "ఈయన ఆడవాళ్ళందరినీ గోడమీంచి తొంగిచూసి రాశారు" అన్నాడు. అదే మనిషి ఇప్పుడు సిరిసిల్లలో మూతబడ్డ మరమగ్గాల షెడ్డులో, స్నానం చేస్తున్న స్త్రీ మట్టిబొమ్మ పెట్టాడు. చుట్టూ పాత చీరలు కట్టి, చిరుగుల్లోంచి చూడమంటున్నాడు. ఊళ్ళో గొడవైంది. షెడ్డు యజమాని నా పాత మిత్రుడు. "నువ్వు సదువుకున్నోనివి. సూసి బూతంటె రేపే ఖాళీ చేపిస్త" అని ఫోన్ చేశాడు. నాకింకేం కావాలి?

కోరుట్లలో ఏడున్నరకు బస్సెక్కి తొమ్మిదిన్నరకు వేములవాడలో దిగాను. అక్కడినుంచి సిరిసిల్లకు షేర్ ఆటో, ముప్పై రూపాయలు. షెడ్డు పేరు చెప్పగానే డ్రైవర్ అద్దంలో నన్ను చూశాడు. "బొమ్మకాడికా సారు? మొగోళ్ళు తిట్టుకుంటనే పోతున్నరు. మల్ల తెల్లారి గూడ అస్తున్నరు."

శిల్పి లేడు. నేనొస్తున్నానని తెలిసి తప్పుకున్నాడనుకున్నాను. కిటికీల వెలుగంతా పరదాకు ఇవతలే. అవతల ఒక్క చిన్న బల్బు. మొదటి చిరుగులో వీపు కనిపించింది, రెండోదాంట్లో తడి జుట్టు. మూడోది నడుమెత్తులో ఉంది. వంగాను. బూతుకు సాక్ష్యం వెతుకుతున్నానని నాకు నేనే చెప్పుకుంటూ చాలాసేపు అలాగే ఉన్నాను.

"మోకాళ్ళు నొస్తయి, ఇగ లేవుండ్రి పెద్దసారు" అంది లోపలినుంచి ఒక గొంతు.

బీడీల చేటతో ఒక నడివయసు మనిషి బయటికొచ్చింది. బొమ్మకు నమూనాగా కూర్చున్నది తనేనట. "ఎనుక మూలకు గూసుంట. సీకట్ల నేను మీకు కనవడ. ఎలుగుల ఉన్నోళ్ళు చీరలకెల్లి నాకు సాఫ్ కనవడ్తరు. పరదల తానం జేసే ఆడోళ్ళందరికి ఎరికే గిది."

"పనితనం చూస్తున్ననమ్మా."

"అందరు గదే అంటరు." బీడీకి దారం చుడుతూ అడిగింది: "మీరస్తరని షెడ్డాయన చెప్పిండు. తీసేపిస్తరా? ఆరు నెలలు గూసున్న సారు. చిన్నప్పుడు ఎవడన్న తొంగిచూస్తె నోరు మూసుకునేది. నోరు దెరిచి ఒర్లితె మా పేరే పోతుండె. గీడ ఒర్లొచ్చు."

బయటికొచ్చి మిత్రుడికి ఫోన్ చేశాను. ఉండనియ్ అన్నాను. ఎందుకని అడిగితే సిగ్నల్ లేదని పెట్టేశాను.

శిల్పిని నేను క్షమించలేదు. బొమ్మ చేతులు పొట్టిగా ఉన్నాయి, ఎవరడిగినా చెబుతాను. కానీ పలచటి చీర అవతలివాళ్ళకు మనం కనిపిస్తామన్న సంగతి, ఇన్ని పుస్తకాలు చదివీ డెబ్బై రెండేళ్ళదాకా నాకు తెలియదు. కుర్రతనంలో మా వాడలో ఏయే చీరల ముందు నిలబడ్డానో, వాటి వెనక ఎవరున్నారో, తిరుగు బస్సులో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ నన్ను చూసి నమస్తే పెడతారు.

వెళ్ళేవారు ఒంటరిగా వెళ్ళండి. తెలిసినవాడు పక్కనుంటే మొదటి చిరుగు దగ్గరే తల తిప్పుకుని వచ్చేస్తారు.