కోపం నాదా, గోలీదా

ఆ రోజు అశోక్‌నగర్‌లోని నా జిరాక్స్ షాపులో పోటీ పరీక్షల పిల్లలకు మా తాత ఒంటె కథ చెబుతున్నాను. ఒంటె డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో కూర్చుంది, కండక్టర్ టికెట్ అడిగాడు, అన్నంతవరకే నాకు గుర్తుంది. తర్వాత కాలిన రబ్బరు వాసన, నోట్లో తుప్పు రుచి. తేరుకునేసరికి అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఊరించడానికి ఆగాననుకున్నారట.

"అన్న, మరి ఒంటె ఏమన్నది?" అన్నాడొకడు.

ఒంటె సంగతి దేవుడెరుగు, నేనెక్కడున్నానో తెలియడానికే కాసేపు పట్టింది.

అలా ఎన్నిసార్లు ఆగిపోయానో తెలియదు. కోతలు కోసేవాడికి స్పృహ తప్పినా అది కథలో భాగమే. చివరికి పక్కన పాత పుస్తకాలు అమ్మే యాదగిరి కనిపెట్టాడు. నా వేళ్లు చొక్కా గుండీని ఊరికే నలుపుతున్నాయట, పిలిస్తే పలకడం లేదట. ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఈఈజీ, ఎంఆర్ఐ తీశారు. "ఫోకల్ సీజర్స్. అంటే ఎపిలెప్సీ, మూర్ఛ," అని చిన్న డాక్టర్ లెవెటిరాసిటమ్ గోలీలు రాశాడు.

సీజర్లు తగ్గాయి. మనుషులూ తగ్గారు. కాపీ వంకరగా వచ్చిందన్న అమ్మాయి మీద అరిచాను. నిమ్మళంగా ఉండమన్నందుకు యాదగిరి పుస్తకాల దొంతరను కాలితో తన్నాను. ఆ తర్వాత అతను నా షాపు గడప తొక్కలేదు. చిక్కడపల్లి కిరాయి గదిలో ఫ్యాను చప్పుడు వింటూ పడుకునేవాణ్ని. కథ చెప్పడానికి ఎవరూ లేరు, చెప్పాలని కూడా లేదు. వయసు మీద పడింది, అందుకే చిరాకు అనుకున్నాను. గోలీ మీద అనుమానమే రాలేదు.

చెకప్‌లో తన మీదా అరిస్తే, చిన్న డాక్టర్ నన్ను పెద్ద డాక్టర్ మేడం దగ్గరకు పంపాడు. ఎపిలెప్సీ మందులు సీజర్‌ను ఆపుతూనే మనిషి స్వభావాన్ని ఎలా మారుస్తాయన్నది ఆమె జీవితమంతా చేసిన పరిశోధన. ఏ దేశంలో ఎవరు దాని గురించి రాసినా ఆమె పేపర్‌ను ప్రస్తావించాల్సిందేనట, సైటేషన్లకు లెక్కే లేదట. వరండాలో నర్సు చెప్పింది. మామూలుగా అయితే దానికి పదింతలు కలిపి పక్క పేషెంటుకు వినిపించేవాణ్ని. నోరు తెరవబుద్ధి కాలేదు.

కోపం ఎప్పటినుంచని మేడం అడిగితే, పుట్టినప్పటినుంచేమో అన్నాను. మిమ్మల్ని ముందునుంచి ఎరిగినవాళ్లను తీసుకురమ్మంది.

"మీ మాట ప్రపంచమంతా నమ్ముతుందట కదా మేడం. మీరే చూసి చెప్పండి."

"నా పేపర్‌ని సైట్ చేసినవాళ్లెవరూ మిమ్మల్ని చూడలేదు. నేనూ ఇవాళే చూస్తున్నా. ఈ కోపం మీదా, గోలీదా, నాకెట్లా తెలుస్తుంది? మీదే అయితే, మందు మార్చి ఆగిన సీజర్లను మళ్లీ పిలిచినట్టవుతుంది."

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద నడుస్తూ, నన్ను ఎరిగినవాళ్లెవరా అని ఆలోచించాను. ఒక్క పేరే మిగిలింది.

యాదగిరి తలెత్తకుండా పుస్తకాల దుమ్ము దులుపుతున్నాడు. విషయమంతా చెప్పి, దవాఖానకు రమ్మన్నాను.

"ఇది గూడ కథేనా అన్న?"

కాదన్నాను. అతను దుమ్ము గుడ్డ పక్కన పడేశాడు. తర్వాత షట్టర్ దించాడు.

మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "నేనెరిగిన సంది ఈయన చెప్పేటియన్ని కోతలే మేడం. కోపమైతే ఎన్నడు చూడలే. గోలీలు మొదలైనంక కథలు బందువెట్టిండు. ఒంటె కథ చెప్పమంటే, 'ఒంటె లేదు, ఏం లేదు' అన్నడు. గప్పుడు నాకు భయమైంది."

మేడం నవ్వలేదు. మొత్తం రాసుకుని, మందు మెల్లగా మార్చింది. మధ్యలో ఒక సీజర్ వచ్చి, షాపులో ఎవరూ లేనప్పుడు మెషీన్ అంచు తగిలి నుదురు చిట్లింది. ఆ తర్వాత కుదురుకుంది.

ఇప్పుడు కోపం లేదు. పోయిన మనుషులు మాత్రం గోలీ మారినంత తేలిగ్గా తిరిగిరాలేదు. పిల్లలు వేరే షాపుకు అలవాటు పడ్డారు. యాదగిరి టీ తెప్పించుకున్నప్పుడు నాకూ ఒక గ్లాసు పంపుతాడు. తను రాడు.

కొత్త మందు మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మిమ్మల్ని బాగా ఎరిగిన ఒకరికి ముందే చెప్పి ఉంచండి, నేను మారితే డాక్టర్‌కు చెప్పమని. చెకప్‌కు వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. మీ అంతట మీరు గోలీ మానకండి.

నా తర్వాతి చెకప్ దగ్గరపడింది. యాదగిరిని ఇంకా అడగలేదు. ఇవాళ టీ గ్లాసు తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్తున్నాను.