మొదటి గడిలో నా పేరు

నాకు డప్పు కొట్టడం రాదు. ఈ సంగతి మా పేటలో పసిపిల్లకి కూడా తెలుసు. తెలియంది నగరంలో ఏసీ గదిలో కూర్చున్న ఆ కళల సంస్థ వాళ్లకే. వాళ్ల కాగితాల్లో నేను డప్పు కళాకారిణిని, మా నాయన నా వెనకాల నిలబడ్డ ఊరి జనంలో ఒకడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మాది గిద్దలూరు వైపు మెట్ట పల్లె. నేను మార్కాపురంలో గవర్నమెంటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. నాయన కంది చేలల్లో కూలికి పోతూనే నలభై ఏళ్లుగా డప్పు కొడుతున్నాడు. చావుకి, పెళ్లికి, డిసెంబర్లో మా చర్చి ఊరేగింపుకి, దేనికైనా ఆయన, ఆయనతో పాటు నలుగురు చిన్నాయనలు. ఒక క్రిస్మస్ ఊరేగింపుని ఫోన్లో తీసి నెట్‌లో పెట్టాను. అది చూసి పోర్చుగల్ నుంచి ఒకామె నాకు రాసింది. ఆమె వాయించేది కూడా డప్పే, కాకపోతే నలుచదరంగా ఉంటుంది. వాళ్ల పల్లెల్లో దాన్ని ఆడవాళ్లే కొడతారట.

ఆమె సొంత ఖర్చుతో వచ్చి మార్కాపురంలో నా ఇంట్లో పది రోజులుంది. రోజూ పొద్దున్నే బస్సెక్కి ఇద్దరం పల్లెకి పోయేవాళ్లం. మొదటి రోజు నాయన కందికట్టె మంట వేసి డప్పు కాస్తున్నాడు. అట్లా కాస్తేనే తోలు బిగిసి మోత పలుకుతుంది. అది చూసి ఆమె గబగబా సంచీలోంచి తన డప్పు తీసి, ఆయన పక్కనే గొంతుక్కూర్చుని మంటకి చూపించింది. నాయన పగలబడి నవ్వాడు. “ఏందమ్మే, ఈమె గూడ మన పేట పిల్లే!” అన్నాడు. ఆ తర్వాత నా ఇంగ్లీషుతో వాళ్లకి పనే పడలేదు. ఆయన ఒక దరువు వేస్తే ఆమె ఇంకో దరువుతో అందుకునేది. తప్పు పోతే ఇద్దరూ నాలుక కరుచుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

పోయే ముందు ఆమే ఈ సంస్థ సంగతి చెప్పింది. రెండు దేశాల కళాకారులు కలిసి కొత్త ప్రదర్శన తయారుచేస్తామంటే దారిఖర్చులు, బస, జీతం అన్నీ ఇస్తారట. ఎంపికైతే నాయన నెల రోజులు వాళ్ల ఊళ్లో ఉండి, ఆఖర్న ఇద్దరూ కలిసి స్టేజీ మీద వాయించాలి. ఒంగోలు దాటి ఎరగని మనిషి ఆయన. “విమానంలో డప్పుని రానిస్తారా, విప్పి చూస్తారా?” అని నన్ను పదిసార్లు అడిగాడు. పాస్‌పోర్టు ఫోటో కోసం గడ్డం నున్నగా గీయించుకున్నాడు. డప్పుకి కొత్త తోలు మూయించాడు.

దరఖాస్తు ఇంగ్లీషులో నింపాలి. చర్చి వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను, నాయన, చిన్నాయనలు చుట్టూ చేరారు. మొదటి గడిలో ప్రధాన కళాకారుడి పేరు రాయమన్నారు. నేను నాయన పేరు కొట్టబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“నాది వద్దు. నీ పేరు పెట్టు.”

“నేను డప్పు కొట్టను గదా నాయనా!”

“కొట్టకపోతే ఏంది టీచరమ్మా,” అన్నాడు చిన్నాయనల్లో పెద్దాయన. “పించనుకి పెట్టినా, ఇంటి స్థలానికి పెట్టినా చదువుకున్నోళ్ల పేరు పైనుంటేనే కాయితం కదిలింది. మా పేర్లు కింద రాయి, చాలు.”

మా పేటలో ఇది ఆనవాయితీ. ఏ అర్జీ అయినా మా వైపు నుంచి పోతే పైన ఒక చదువుకున్న మనిషి పేరుండాలి. లేకపోతే మండలాఫీసులో దాని మొహం చూసేవాళ్లుండరు. ఇన్నేళ్లుగా వాళ్లకి అట్లా నేర్పిపెట్టారు మరి! వాళ్లననేదేముంది? ఇరవై ఏళ్లుగా పిల్లలకి ప్రశ్న చదివి జవాబు రాయమని చెప్పే నాకు బుద్ధుండాలి. నా పేరే రాశాను. నాయన పేరు నాలుగో పేజీలో ఎక్కడో పడింది.

మూడు నెలలకి ఎంపికైందని మెయిలొచ్చింది. పేటంతా సంబరం. కింద చూస్తే ఇద్దరు కళాకారుల పేర్లున్నాయి. ఒకటి పోర్చుగల్ ఆమెది, రెండోది నాది. నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఫోన్ చేశాను. అవతల ఒక మేడం, గొంతు ఎంత తియ్యగా ఉందో!

“దరఖాస్తు ప్రకారం ఆర్టిస్టు మీరేనండి. మీ నాన్నగారు కమ్యూనిటీ కింద వస్తారు.”

“మేడం, డప్పు కొట్టేది ఆయన. నేను కాగితం నింపానంతే.”

“ఆయనకి వెబ్‌సైట్ గానీ, పోర్ట్‌ఫోలియో గానీ ఉందాండీ?”

నలభై ఏళ్లు డప్పు కొట్టే పుల్ల, సిర్ర, పట్టిన చేతికి కాయలున్నాయి. అవి ఏ పేజీలో అతికించాలి? ఎంపికయ్యాక పేరు మార్చడం కుదరదనీ, నేను తప్పుకుంటే మొత్తం రద్దవుతుందనీ చెప్పింది. పోర్చుగల్ ఆమె కూడా సంస్థకి రెండు ఉత్తరాలు రాసింది. నిబంధన నిబంధనే అన్నారు. కళాకారుల్ని కలపడానికి పుట్టిన సంస్థకి కళాకారుడెవరో కనుక్కునే ఓపిక మాత్రం లేదు!

నాయనకి చెప్పాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఇంటి వెనక్కి రమ్మన్నాడు. మంట వేసి, డప్పు కాచి, నా భుజానికి తగిలించాడు.

చిన్నప్పుడు ఆ డప్పుని ముట్టుకున్నందుకు అదే సిర్రతో నా వేళ్ల మీద ఒక్కటిచ్చిన మనిషి ఆయన. “ఇది నాతోనే పోవాల. నువ్వు పుస్తకం పట్టు,” అని అరిచాడు. ఆ దెబ్బతోనే నేను టీచర్నయ్యాను.

“పోయేదానికి ఇంకా నెల దినాలుంది గదమ్మా,” అన్నాడిప్పుడు. కుడిచేతిలో సిర్ర పెట్టి, ఎడమచేతి వేళ్ల మధ్య సన్నపుల్ల ఇరికించాడు. “నేర్పిస్తా. నువ్వు పోతే నేను పోయినట్టే. కొట్టు.”

కొట్టాను. తడిగోడని కొట్టినట్టు మొద్దుగా ఒక చప్పుడు.

“ఆఁ, బాగుంది,” అన్నాడు.

దరువు తప్పితే సొంత తమ్ముణ్ణి కూడా నడివీధిలో తిట్టే మనిషి. డప్పు విషయంలో ఆయన అబద్ధం చెప్పగా వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. డప్పు ఆయన చేతుల్లో పెట్టి, లోపలికి పోయి, అప్పటికప్పుడే ఫోన్లో మెయిల్ రాశాను. నేను కళాకారిణిని కాను, కళాకారుడు మా నాయన, ఆయన్ని పంపలేకపోతే నన్ను పంపే హక్కు మీకు లేదు అని.

రెండు రోజులకి జవాబొచ్చింది. కళాకారిణి స్వయంగా విరమించుకున్నందుకు విచారిస్తున్నారట. అక్కడా నేనే కళాకారిణిని!

ఈ ఏడు మళ్లీ దరఖాస్తులు పిలిచారు. పోర్చుగల్ ఆమె పట్టు వదల్లేదు. మళ్లీ అదే వరండాలో లాప్‌టాప్ తెరిచాను. ఈసారి ఎవరినీ అడక్కుండా మొదటి గడిలో నాయన పేరు కొట్టాను, ఇంటిపేరుతో సహా.

నాయన ముందుకు వంగి ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టాడు.

“ఇదేనా నా పేరు?”

“ఇదే నాయనా.”

ఒక్కో అక్షరం మీదుగా వేలు జరుపుకుంటూ చివరిదాకా పోయాడు. మొహం వెలిగింది. నా కోపమంతా దిగిపోయిందనుకున్నాను.

అంతలోనే ఆయన వెనకా ముందూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “పక్కన నీ పేరు గూడ రాయమ్మా. లేకపోతే నమ్మరు.”