బ్రేకు లేని మోటారు

జల్‌పల్లిలోని నా షెడ్డులో పొద్దున లోహం చెక్కే మెషీన్ స్విచ్ వేయగానే, కట్టర్ బిగించిన హెడ్డును పైకీ కిందికీ నడిపే సర్వో మోటారులో టక్కుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది. మోటారును పట్టి ఉంచిన బ్రేకు వదిలిన చప్పుడు అది. కరెంటు ఉన్నంతసేపు హెడ్డు బరువును మోటారే మోస్తుంది. కరెంటు పోతే బ్రేకు పట్టుకుంటుంది. పనివాళ్లెవరూ ఆ చప్పుడును పట్టించుకోరు. అది వినగానే నాకు యాదగిరి ముఖం గుర్తుకొచ్చి నోరు చేదవుతుంది.

మాదన్నపేటలో యాదగిరికి పెద్ద వర్క్‌షాపు ఉండేది. ఒకప్పుడు ఆయన తండ్రి మా ఇంటికి పాలు పోసేవాడు, పెరటి గుమ్మం దగ్గర నిలబడి. మా తాతగారికి జిల్లాలో భూములు, పాతబస్తీలో పెద్ద లోగిలి ఉన్న రోజులవి. భూములు కోర్టుల చుట్టూ తిరిగి పోయాయి. లోగిలి గది తర్వాత గది అమ్ముడైంది. డిప్లొమా చేసి నేను ఉద్యోగానికి బయలుదేరేనాటికి మేము అద్దె ఇంట్లో ఉన్నాం. పని అడగడానికి వెళితే యాదగిరి నన్ను ఎగాదిగా చూసి, "చేతులకు నూనె అంటుతది దొరా, మంచిదేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి షాపులో అందరికీ నేను దొరనే. ఆయనను నేను అన్నా అనలేదు, సేటూ అనలేదు. మీరు అని మాత్రం అనేవాణ్ణి.

పని నేర్పడంలో ఆయనకు సాటి వచ్చేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. రాయడానికి కష్టంగా ఉన్నా ఇది నిజం. షాపులోని పాత నిలువు మిల్లింగ్ మెషీన్‌ను కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీగా మార్చాలని అనుకున్నప్పుడు మోటార్ల ఎంపిక నాకు అప్పగించాడు. హ్యాండిళ్లు తిప్పే చేతుల బదులు మూడు సర్వో మోటార్లు రావాలి. నేను కేటలాగు తెరిచి అన్నిటికన్నా పెద్దవి చూపించాను. ఆయన కేటలాగు మూసేసి, పక్కనున్న పాతసామాన్ల దుకాణం నుంచి కొక్కెం కాటా తెప్పించాడు. దాన్ని హ్యాండిల్ పిడికి తగిలించి నన్ను మెల్లగా లాగమన్నాడు. ఎంత బరువు చూపినప్పుడు హ్యాండిల్ కదిలిందో దాన్ని హ్యాండిల్ పొడవుతో గుణించాలి. దానికి కోత భారం కలపాలి. వేగం అందుకోవడానికి, ఆగడానికి మరికొంత వదలాలి. ఆ తర్వాతే మోటారు చూడాలన్నాడు.

"ఎంత గావాల్నో మెషీన్‌ను అడుగు దొరా. మోటర్ పెద్దదైతే ఇజ్జత్ పెరగది."

మెషీన్ బాగా నడిస్తే సీఎన్‌సీ పనిలో నన్ను భాగస్తుణ్ణి చేస్తానని ఆయన మా నాన్నగారికి మాట ఇచ్చాడు, మా అద్దె ఇంటి ముందు గదిలో కుర్చీ వేయించుకుని కూర్చుని. నాన్నగారు ఆ మాటను నాకన్నా ఎక్కువ నమ్మారు. ఒకరి కింద జీతానికి ఉండటం మా ఇంట్లో నాతోనే మొదలైంది. నాతోనే ఆగిపోవాలని నా పట్టుదల.

అడ్డంగా నడిచే రెండు మోటార్ల విషయంలో పేచీ రాలేదు. వచ్చింది నిలువు మోటారు దగ్గర. హెడ్డును ఎత్తి దించే పాత స్క్రూ మొరటుది. హెడ్డును ఎక్కడ వదిలితే అక్కడే నిలిపి ఉంచేది. దాని స్థానంలో వచ్చే బాల్ స్క్రూ నున్నగా తిరుగుతుంది. కరెంటు పోతే హెడ్డు తన బరువుకు తానే దిగిపోగలదు. అందుకని ఆ ఒక్క మోటారైనా బ్రేకు ఉన్నదే తెప్పించాలని చెప్పాను. దానికి కొన్ని వారాలు ఆగాలి. బ్రేకు లేనిది దుకాణంలో సిద్ధంగా ఉంది.

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న గీ హెడ్డును. ఎన్నడన్న జారిందా?"

"స్క్రూ మారుతోంది. ఇక జారుతుంది," అన్నాను.

"జారేది నీ చదువు, తీయ్."

అందరూ నవ్వారు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బతిమాలి ఒప్పించడం మా ఇంట అలవాటు లేదు.

బ్రేకు లేని మోటారే బిగించారు. కొత్తలో హెడ్డు జారే గైడ్లు బిగుతుగా ఉండి, స్విచ్ ఆపినా హెడ్డు నిలిచే ఉండేది. అలా నిలిచినప్పుడల్లా యాదగిరి నన్ను పిలిచి చూపించేవాడు. పని చేసినకొద్దీ గైడ్లు వదులయ్యాయి. ఒక మధ్యాహ్నం చెప్పుల అడుగుభాగం పోసే అచ్చు చెక్కుతుండగా కరెంటు పోయింది. ఆ ఊపుకు కట్టర్ ఇంకా తిరుగుతూనే ఉంది. హెడ్డు ఏ తొందరా లేకుండా కిందికి దిగి, అచ్చు నడిమధ్య గుంట తవ్వి ఆగింది. అచ్చు చేయించుకుంటున్న మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. ఇదెవరి నిర్వాకమని ఉర్దూలో గద్దించాడు.

యాదగిరి చేతులు తుడుచుకుంటూ నా వైపు చూపించాడు. "మోటర్లు ఏరింది దొరనే. పెద్ద చదువు గద."

ఆనాడు నవ్వినవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నిజం చెప్పవలసింది ఆయన; ఆయన చెబుతాడని ఎదురుచూశాను. ఆ మనిషి వెళ్లిపోయాక యాదగిరి నా దగ్గరికి వచ్చాడు.

"చెప్పినవ్ లే. గని గట్టిగ చెప్పలే నువ్వు. నా గల్లా వట్టి చెప్పాలె." వెళ్లబోతూ అన్నాడు, "భాగం ముచ్చట ఇగ లేదు. మీ బాపుకు నువ్వే చెప్పు."

చెప్పాను. "మాట తప్పింది వాడు. ఆ కబురు మోసుకొచ్చింది నువ్వా?" అన్నారు నాన్నగారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు. మర్నాటి నుంచి నేను ఆ షాపు గుమ్మం తొక్కలేదు.

యాదగిరి పోయి కొంతకాలమైంది. మొన్న చంపాపేట నుంచి ఒకాయన తన మిల్లింగ్ మెషీన్‌కు మోటార్లు ఎంచి పెట్టమని వచ్చాడు. నిలువు మోటారుకు బ్రేకు తప్పనిసరి అన్నాను. ఆయన మొహం విప్పారింది.

"యాదగిరన్న గూడ గిదే మాట, ఎవరొచ్చినా చెప్పేటోడు. నువ్వు ఆయన చేతి కింద చేసినవంట గద. మస్తు ఉస్తాద్ దొరికిండు నీకు."

"అవును, ఆయన దగ్గరే నేర్చుకున్నాను," అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ బ్రేకు మాట మొదట ఎవరిదో చెప్పే తర్వాతి వాక్యం ఒకటి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చచ్చినవాడి మీద సాక్ష్యం చెప్పడానికి నోరు రాక మళ్లీ మింగాను.