బ్యాగు కారెక్కితేనే సాయంత్రం

శంషాబాద్ హైవే పక్కన అద్దె భవనంలో నడిచే ఆ ప్రభుత్వ కార్యాలయం గోడ మీద పనివేళలు రాసి ఉన్నాయి: పదిన్నర నుంచి ఐదు. ఆ రాతకు విలువేమీ లేదు. ఆఫీసును మూసేది గోవర్ధన్ సారు నల్లతోలు బ్యాగు. అటెండరు అమృతమ్మ ఆ బ్యాగు తీసుకుని వరండా వెంట నడిచి కారు వెనక సీట్లో పెడితే అప్పుడు సాయంత్రమైనట్టు. డ్రైవరు తాహెర్ ఏసీ వేస్తాడు. సీనియర్ అసిస్టెంటు రాఘవేందర్ కంప్యూటర్ ఆపుతాడు. ఒక్కొక్క ఫ్యానూ ఆగుతుంది. అంతదాకా పనున్నా లేకున్నా ఎవరూ కుర్చీ వదలరు.

సారు లేచేది ఏడు దాటాకే. ఆ వేళప్పుడు ఆయన చేసేదేమిటో టీ పట్టుకెళ్లే అమృతమ్మకు తెలుసు. పొద్దున చదివిన పేపరే మళ్లీ చదువుతాడు, మధ్యమధ్య బల్ల మీది ఫోను వంక చూస్తాడు. ఒకప్పుడు పైఆఫీసులో ఒక పెద్దసారు ఉండేవాడట. దీపాలు పెట్టే వేళకు ఫోన్ చేసి, ఎత్తనివాళ్లకు మెమోలు పంపేవాడట. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఆయన పెట్టిన భయం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. ఫోనుకు సారు కాపలా, సారుకు సిబ్బంది కాపలా. దీనికే మనవాళ్లు కర్తవ్యదీక్ష అని పేరు పెట్టి, సభలు చేసి శాలువాలు కప్పుతారు.

అమృతమ్మకు మొదట్లో ఇదేమీ కష్టమనిపించలేదు. మామిడిపల్లిలో పుట్టి, పెళ్లయ్యాక సాతంరాయికి వచ్చి, కూరగాయల గంప మోసి, బడిలో ఊడ్చి, చివరికి ఇక్కడ రోజుకూలీగా చేరి పర్మినెంటయిన మనిషి. ఫ్యాను కింద స్టూలేసుకుని కూర్చోవడం కూడా పనేనని జీతమిస్తే ఎవరికి చేదు? భర్త కుర్మయ్యది ఎయిర్‌పోర్టులో పని. ప్రయాణికులు ఎక్కడికక్కడ వదిలేసిన ట్రాలీలు ఏరి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, రైలుపెట్టెల్లా తోసుకుపోవాలి. అతని రాత్రి డ్యూటీ పదింటికి మొదలయ్యేది కాబట్టి, ఆమె పొద్దుపోయి వచ్చినా ఇద్దరూ కలిసి నాలుగు ముద్దలు తినేవారు.

ఈ ఎండాకాలం కాంట్రాక్టరు షిఫ్టు మార్చి, గంటలు కూడా పెంచాడు. కంపెనీ బస్సు ఇప్పుడు పొద్దుగూకకముందే వచ్చి కుర్మయ్యను ఎక్కించుకుపోతోంది. పొద్దున అతను తిరిగొచ్చేలోపు ఆమె ఆఫీసు తాళాలు తీయడానికి బయల్దేరాలి. వారపు సెలవు కూడా అతనికి ఏ మంగళవారమో వస్తుంది. "ఒక్క మంచానికి రెండు షిఫ్టుల కిరాయిదార్లం అయినం" అని కుర్మయ్య ఫోనులో నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఒక రాత్రి దిండు సర్దుకుంటుంటే నొప్పుల మందు వాసన తగిలింది. ఇంకో రోజు స్నానాలగది వాకిలి పక్కన, సున్నం గోడ మీద, కొత్తగా అరచేతి మరకలు కనిపించాయి. గోడ పట్టుకుని నడిచే మనిషి మరకలు. ఫోనులో అడిగితే ఏం లేదన్నాడు కుర్మయ్య. మళ్లీ అడిగితే వయసన్నాడు. మనిషి కళ్లముందు లేకపోతే గోడలనే అడగాలి కాబోలు.

అప్పుడే ఆమె రాఘవేందర్ దగ్గరికి వెళ్లి, ఐదింటికి పోవచ్చా అని అడిగింది. సారు సీట్లో ఉండగా ఎట్లా పోతావని ఆయన ఆశ్చర్యపోయాడు. అట్లా పోకూడదని ఎందులో రాసుందని అడిగితే, ఎందులోనూ లేదన్నాడు. అదీ తంటా. జీవో ఉంటే ఎవరో ఒకరు రద్దు చేసేవారు. లేని జీవోను రద్దు చేసేదెవరు? ఒకరోజు సెలవు పెట్టుకోమని సలహా మాత్రం ఇచ్చాడు. ఒకరోజు చూస్తే దాచిపెట్టిన నొప్పి దొరుకుతుందా? ఆమెకు కావాల్సింది రోజూ ఒక కప్పు చాయ్ తాగేంతసేపు మొగుణ్ణి మెలకువగా చూడటం.

మర్నాడు ఐదు కొట్టాక ఆమె సారు గదిలోకి వెళ్లింది. అడగాలనే వెళ్లింది. సారు మొహానికి పేపరు అడ్డంగా ఉంది. బ్యాగు పక్కబల్ల మీద ఉంది. మాట గొంతులో ఉండగానే చేయి ముందుకు పోయి బ్యాగు అందుకుంది. ఏళ్లుగా ఆ బ్యాగు ఆ చేతులతోనే వెళ్తోంది కాబట్టి సారు తలెత్తలేదు.

వరండా దాటి కారు దగ్గరికి వచ్చింది. తాహెర్ బీడీ పారేసి, ఇయాల సారు జల్దీ ఉన్నడా అన్నాడు. ఆమె బ్యాగును వెనక సీట్లో పెట్టింది. అతను ఏసీ వేశాడు. కిటికీలోంచి చూసిన రాఘవేందర్ కంప్యూటర్ ఆపాడు. ఫ్యాన్లు ఆగాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడుకే గోవర్ధన్ సారు బయటికొచ్చాడు. ఖాళీ కుర్చీలు చూశాడు, కారులో బ్యాగు చూశాడు. "ఎవరు పెట్టమన్నారు?"

"ఎవ్వరనలే సార్. నేనే పెట్టిన." ఆమె కొంగు నలుపుతూ నిలబడింది. "మా ఆయనకు కాలు నొస్తున్నట్టుంది. అడిగితే చెప్తలేడు. బస్సెక్కకముందు జర చూసుకుందామని."

సారు గదిలోని ఫోను వైపు తిరిగాడు. అది మోగలేదు. ఆయన చేతిలోని పేపరు మడతపెట్టాడు. "ఇంత త్వరగా వెళ్తే మా ఆవిడ ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడుతుందండీ" అన్నాడు. అటెండరును అండీ అనడం అదే మొదటిసారి.

"మంచిగనే ఉన్ననని ఫోను చేసి చెప్పుండ్రి సార్."

ఆయన వెళ్లి కారెక్కాడు. రేపు ఏమంటాడో ఆమెకు తెలియదు. తెలుసుకునే తీరిక కూడా లేదు. రోడ్డు దాటి ఆటో ఎక్కింది.

కుర్మయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి బూటు తొడిగాడు. రెండోది చేతిలోనే ఉంది, కాలు వంగడం లేదు. ఆమెను చూసి బూటు వెనక్కి దాచబోయాడు.

"ఏందే, నౌకరి ఊడిందా?"

ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని ప్యాంటు పైకి జరిపింది. మోకాలు బోండంలా వాచి ఉంది. ముట్టుకుంటే కాలుతోంది. ఎన్నాళ్ల నుంచి అని అడగలేదు. అరచేతిని దాని మీద అట్లాగే ఉంచింది. అతను ఏదో హాస్యమాడబోయి, ఆడలేక, ఆమె భుజం పట్టుకున్నాడు.

రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది.

"పోవాలె" అన్నాడు.

"ఇయాల పోవు. దవాఖానకు పోతున్నం" అంది అమృతమ్మ. రెండో హారన్ పడింది. ఆమె అతని కాలి బూటు విప్పుతూ, చాయ్ తాగినవా అని అడిగింది.