తీగ లేని అయిదో ద్వారం

2004 అక్టోబరు, సోమవారం ఉదయం 10:40కి కొండల్లోని ఆ ఆర్మీ పోస్టులో ట్రక్కు దిగాను. ఎత్తు పన్నెండు వేల అడుగులు. ఎండ ఉంది, వేడి లేదు. భుజాన రైఫిలు, వీపున కిట్టు, చేతిలో సిగ్నల్స్ ట్రైనింగ్‌లో రాసుకున్న నోటుబుక్కు. మా పుంగనూరులో ఇప్పటికీ "అక్కడ ఎంతమందిని కాల్చావు?" అని అడుగుతారు. ఒక్క తూటా కాల్చలేదు. ఒక పెట్టెకు కాపలా కాశాను.

అది ఫైర్‌వాల్ రూటర్. బంకరులో ఇసుక బస్తాల పక్కన ఉండేది. మా కంప్యూటర్ల నుంచి హెడ్‌క్వార్టర్స్‌కు పోయేదీ, వచ్చేదీ దాని గుండానే. దేన్ని వదలాలో, దేన్ని ఆపాలో అదే చూసుకునేది.

దాన్ని నాకు అప్పగించాల్సినవాడు అప్పటిదాకా దాన్ని చూసుకున్న కుప్పం ఊరి ఆపరేటర్. నేను వస్తే గాని అతనికి సెలవు లేదు. భార్యకు తొలి కాన్పు, నెలలు నిండాయి. గురువారం 7:00 కాన్వాయ్ తప్పితే మంచుకు దారి మూసుకుపోతుంది.

"పుంగనూరోడివా? దేవుడే పంపినాడప్పా నిన్ను!" అని నవ్వాడు.

ఆ చనువే నాకు నచ్చలేదు. నా బుద్ధే అంత. ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే ముందు జేబు తడుముకుంటాను.

ఆర్మీలో ఛార్జి తీసుకోవడమంటే చేత్తో ముట్టుకుని లెక్కపెట్టడం. చెంచా అయినా సరే. ముట్టుకోలేనిది పుస్తకంలోకి ఎక్కదు. పెట్టెకు నాలుగు రంధ్రాలు, నాలుగు తీగలు. ఒకటి లోపలి వైపు, మా కంప్యూటర్లకు. ఒకటి బయటి వైపు, హెడ్‌క్వార్టర్స్‌కు. మూడోది మెయిల్ మిషనుకు. దానితో బయటివాళ్లకూ పని ఉంటుంది కాబట్టి ఇంట్లోకి రానివ్వకుండా వసారాలో కూర్చోబెట్టినట్టు వేరుగా ఉంచారు. నాలుగోది పెట్టెను సరిచేయడానికి మాకు. నాలుగూ ముట్టుకుని సంతకం పెట్టాను.

ఒక్కో తీగకూ ఒక చిరునామా, అంటే నాలుగే ఉండాలి. బుధవారం 14:15కి లాగు, అంటే పెట్టె తనంతట తాను రాసుకునే చిట్టా, చదువుతుంటే అయిదో చిరునామా కనబడింది. రంధ్రం లేదు, తీగ లేదు. అయినా పది నిమిషాలకోసారి ఏదో బయటికి పంపుతోంది. సెట్టింగుల్లో చూస్తే దాన్ని పెట్టింది కుప్పం ఆపరేటరే. అతను ఫోనులో తమిళంలో గుసగుసలాడటం గుర్తొచ్చింది. కుప్పం వైపు చాలా ఇళ్లలో తమిళం మాట్లాడతారని నాకు తెలుసు. తెలిసీ అనుమానించాను.

అతన్నే అడిగితే అయిపోయేది. అడగలేదు. నేరుగా మా పోస్టు పెద్ద సుబేదార్ దగ్గరికి పోయాను.

సుబేదార్ రేడియో అందుకున్నాడు. "మా ఆపరేటర్ మీద అనుమానం ఉంది. ఓవర్."

"రేపు టెక్నికల్ ఆఫీసర్ చూసేదాకా మనిషిని కదలనివ్వకండి. ఓవర్," అని హెడ్‌క్వార్టర్స్ నుంచి జవాబొచ్చింది.

కుప్పం ఆపరేటర్ ముందు తమాషా అనుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నన్ను ఒక్క మాట అడగొచ్చు గదప్పా! అది లూప్‌బ్యాక్. పెట్టె లోపలే ఉండాది. తీగ తెగితే ఆ తీగ చిరునామా పనిచెయ్యదు. దీనికి తీగే లేదు, పెట్టె బతికినంతసేపూ ఇదీ బతికే ఉంటాది. అందుకే లాగంతా దీని పేరు మీద హెడ్‌క్వార్టర్స్‌కు పంపిస్తాండాను."

"మరి ఛార్జి పుస్తకంలో యాల లేదు?"

"ముట్టుకోలేనిదాన్ని నువ్వు రాసుకునేవాడివా?"

అదే మాట హిందీలో సుబేదార్‌కూ చెప్పుకున్నాడు. ఎవరి మీద అనుమానమో వాడి మాట ఎవరు వింటారు? ఆర్డరు ఆర్డరే.

గురువారం 7:00కి కాన్వాయ్ వెళ్లిపోయింది. 11:20కి రేడియో పలికింది. "లూప్‌బ్యాక్ మనదే. మనిషిని వదలండి. ఓవర్." మధ్యాహ్నం మంచు మొదలైంది. దారి తెరవడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. ఈలోగా అతనికి ఆడపిల్ల పుట్టినట్టు కబురొచ్చింది. తొమ్మిది రోజులకు ఇంకో కబురు. పిల్ల దక్కలేదు.

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ముప్పై ఎనిమిది రోజులూ నాకు రాని ఇంటర్‌ఫేసులన్నీ, అంటే ఆ పెట్టెకు కనబడే, కనబడని ద్వారాలన్నీ, ఓపికగా నేర్పించాడు. నేను సిగ్గుతో చస్తూ నేర్చుకున్నాను.

రెండేళ్లకు నా డ్యూటీ ముగిసింది. తిరిగొస్తూ పలమనేరులో దిగితే కుప్పం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ధైర్యం చాలలేదు, పుంగనూరు బస్సెక్కాను. ఇప్పుడు మదనపల్లెలో ఆఫీసులకు ఇవే పెట్టెలు బిగిస్తూ బతుకుతున్నాను.

ఆ గురువారం ఉదయం మాత్రం నన్ను వదలదు. అతను బూట్లు పాలిష్ చేసుకుని, నల్ల ట్రంకు మీద కూర్చుని ఉన్నాడు. చివరి ట్రక్కు మలుపు తిరిగాక లేచాడు. ట్రంకుకు ఒక వైపు నేను చెయ్యి వేశాను. నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, ట్రంకు తనే ఎత్తుకుని లోపలికి పోయాడు.